రొట్టె మిగిలిన ఇంటిపేరు

పెన్యాసెకా,
ఫిబ్రవరి 2000

అమ్మాయ్ హసింతా,

నీ కడుపు, నీ వాంతులు, నీ డాక్టరు చెప్పే కబుర్లు అన్నీ తర్వాత అడుగుతాను. ముందు అసలు సంగతి. నిన్న పొద్దున శనగలు ఏరుతూ రేడియో వింటున్నాను. కొత్త చట్టం అమల్లోకి వచ్చిందట. ఇకమీదట పుట్టే పిల్లలకి తండ్రి ఇంటిపేరే ముందుండాలని లేదట. అమ్మా నాన్నా ఇద్దరూ ఒప్పుకుంటే తల్లి ఇంటిపేరు ముందు, తండ్రిది వెనక. ఆ మాట వినగానే గిన్నె ఒళ్ళోంచి జారి శనగలు వంటింటి నిండా దొర్లాయి. ఏరుకోవడానికి వంగను కూడా వంగలేదు. కొన్ననాటి నుంచీ ఆ రేడియో నాకు చెప్పిన మంచి కబురు ఇదొక్కటే.

నీకు తెలియనిది కాదు, అయినా చెప్తాను. మీ నాన్న పోయాక ఈ భూమ్మీద సోబ్రపాన్ ఇంటిపేరు వాళ్ళం ఇద్దరమే మిగిలాం, నేనూ, పెళ్ళయినా పుట్టింటి పేరు మారని నువ్వూ. నేను పెళ్ళి చేసుకోలేదు, ఇక చేసుకునే ఉద్దేశమూ లేదు, అడిగేవాడు అంతకన్నా లేడు. ఒకప్పుడు జనాభా లెక్కల ఆఫీసుకి రాశాను, దేశం మొత్తం మీద మా ఇంటిపేరు వాళ్ళు ఎందరున్నారని. మరీ తక్కువమంది ఉన్న పేర్లు లెక్కలోకి రావని జవాబిచ్చారు. మనం లెక్కలోకి రామట! నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

ఇప్పుడు మామూలుగా రాయిస్తే నీ బిడ్డ పెరెజ్ సోబ్రపాన్ అవుతుంది. పిల్లలకి దిగేది ముందున్న పేరే కదా, ఆ బిడ్డకి పుట్టేవాళ్ళకి పెరెజ్ ఒక్కటే వెళ్తుంది. మన పేరు అక్కడితో సరి. అందుకని సోబ్రపాన్ పెరెజ్ అని రాయించు. మొదటి బిడ్డకి ఏ వరసలో రాయిస్తే తర్వాత పుట్టేవాళ్ళందరికీ అదే వరసని కూడా రేడియోలో చెప్పారు. ఒక్కసారి తప్పితే తప్పినట్టే.

మీ ఆయన ఆబెల్ మంచివాడే. పెరెజుల ఇంట్లో పుట్టడం అతని తప్పు కాదు. కానీ మీ సరగోసాలో ఏ వీధిలోనైనా నిలబడి పెరెజ్ అని కేకేస్తే సగం కిటికీలు తెరుచుకుంటాయి. ఆ పేరు అంతరించిపోతుందని ఎవరూ బెంగపడక్కర్లేదు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నేను అరవాల్సి వస్తుంది. పక్కింటి కీచురాయి గోడకి చెవి ఆనించుకుని కూర్చుంటాడు.

నీ మేనత్త,
ఉర్బానా సోబ్రపాన్


సరగోసా,
మార్చి 2000

అత్తా,

శనగలు ఏరుకున్నావా? ఏరుకోకపోతే జారి పడతావు, జాగ్రత్త.

ఆబెల్ని అడిగాను. "నీ ఇష్టం" అన్నాడు. నేను పియానో కొంటానన్నా, ఏనుగుని కొంటానన్నా ఆయన జవాబు అదే. కాబట్టి అడ్డు ఆయన కాదు, నేను. నా బిడ్డకి ఆ పేరు ముందు పెట్టను.

సోబ్రపాన్ అంటే రొట్టె మిగిలింది అని అర్థం. ఆ అర్థం నీకు ఎంతో గొప్పగా ఉంటుంది. నాకెలా ఉంటుందో ఎప్పుడైనా అడిగావా? బడిలో టీచరు పేర్లు పిలుస్తూ నా దగ్గరికొచ్చేసరికి ఆగేది. మనసులో ఒకసారి చదువుకుని, నవ్వు మింగుకుని, అప్పుడు పిలిచేది. మధ్యాహ్నానికల్లా నా బల్ల మీద ఎండిపోయిన రొట్టె ముక్కలు పోగుపడేవి. "మీ ఇంట్లో మిగిలిందంటగా, మాకూ పెట్టవే" అని నా వెనకే రైలుబండిలా తిరిగేవాళ్ళు. అమ్మకి చెప్తే ఏడుస్తుందని చెప్పలేదు, నాన్నకి చెప్తే నవ్వుతాడని చెప్పలేదు. ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తున్నాను కదా, నా కోటు మీద పేరుబిళ్ళ ఉంటుంది. దాని మీద ఏముందో నీకు చెప్పను.

నువ్వు ఆ ఇంటిపేరుతో ఎన్నడైనా బతికావా అత్తా? పెన్యాసెకాలో ఇంటిపేర్లు ఎవరిక్కావాలి? ముత్తాత బొగ్గులమ్మాడు కాబట్టి నువ్వు మసి ఉర్బానావి. పక్కింటాయన కీచురాయి. రొట్టెల కొట్టావిడ నత్తి బెనీతా. అసలు పేర్లు పోస్టుమానుకీ దేవుడికీ తప్ప తెలియవు. మోసింది నేను, గర్వపడేది నువ్వు.

పెరెజ్ ఎంత హాయి అనుకున్నావు! చెప్పగానే రాసుకుంటారు. ఒక్కరూ తలెత్తి చూడరు. నా బిడ్డని ఎవరూ తలెత్తి చూడకూడదు.

కోపం తెచ్చుకోకు. మీ ఊరి మిరపకాయల సాసేజీలు పంపు, అవి తింటే వాంతులు రావడంలేదు.

నీ
హసింతా


పెన్యాసెకా,
ఏప్రిల్ 2000

హసింతా,

సాసేజీలు పంపుతున్నాను, నా కోపం కూడా అదే పెట్టెలో ఉంది.

రొట్టె ముక్కల సంగతి అప్పుడే చెప్పి ఉంటే బస్సెక్కి వచ్చి ఆ టీచరు సంగతి నేను చూసేదాన్ని. సరే, ఇప్పుడు విను. ఆ పేరు ఎలా వచ్చిందో మా తాత నాకు చెప్పాడు, ఆయనకి వాళ్ళ తాత చెప్పాడు. ఎప్పుడో పెద్ద కరువొచ్చింది. వరసగా పంటలు పోయాయి. ఊళ్ళో పొయ్యిలన్నీ చల్లారిపోయాయి. మన ఇంట్లో మాత్రం రొట్టె మిగిలింది. మనవాళ్ళు తలుపులు బార్లా తెరిచి వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ పంచారు. ఆ కృతజ్ఞతతో ఊరు మనకి ఆ పేరు పెట్టింది. అటువంటి పేరుని నువ్వు ఎండు ముక్కలకి భయపడి వదిలేస్తావా?

ఇంకో సంగతి. మొన్న సంతలో ఇంటిపేర్లకి వంశచిహ్నాలు గీసి అమ్మేవాడొచ్చాడు. కంప్యూటరులో మన పేరు కొట్టాడు. రాలేదు. "అమ్మగారూ, ఇంత గొప్ప పేరు దీంట్లో ఎందుకుంటుంది, రాజుగారి దగ్గరే ఉంటుంది" అన్నాడు. వాడి మాటకి పడిపోయాను, ఒప్పుకుంటాను. వారంలో చేసి తెచ్చాడు. సింహం, కత్తి, మధ్యలో ఒక పెద్ద రొట్టె. బెనీతా మాత్రం అది తాబేలంటోంది. దాని కింద ఇంత లావు అక్షరాలతో సోబ్రపాన్. వీధి తలుపు పైన బిగించాను. ఊరంతా వచ్చి చూశారు. "ఏంటే ఉర్బానా, ఇది మీ ఇంటిపేరంటే?" అని ఆశ్చర్యపోయారు. నన్ను పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాళ్ళే!

ఆ కీచురాయి కూడా వచ్చాడు. వాడి అసలు పేరు మకారియో. మా పొగగొట్టం పొగ వాడి బట్టల మీద పడుతుందని నలభై ఏళ్ళ కిందట మాటలు మానేశాం. వీధి మధ్యలో నిలబడి, టోపీ వెనక్కి తోసుకుని, బొమ్మని కింద నుంచి పైకి, పై నుంచి కిందకి చూశాడు. తర్వాత నవ్వాడు. నవ్వుకుంటూ లోపలికి పోయి వాళ్ళమ్మకి ఏదో చెప్పాడు. ఆ ముసలావిడ కూడా నవ్వింది. గోడలోంచి వినపడింది. నా ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళ నవ్వు అణగాలంటే ఒక్కటే దారి, నీ కడుపులో ఉన్న సోబ్రపాన్. ఆలోచించు.

నీ మేనత్త,
ఉర్బానా


సరగోసా,
మే 2000

అత్తా,

వంశచిహ్నం ఫోటో అందింది. బెనీతా చెప్పిందే నిజం, అది తాబేలే.

నీ కథ అత్తగారి ముందు చదివాను. రెమేదియోస్ గారు పెరెజ్ వంశానికి పహారా కాస్తుందని నువ్వు అనుకుంటున్నావు కదా. ఆవిడ ఏమందో తెలుసా? "పిల్లకి ఏదో ఒకటి వేరే పేరు పెట్టండమ్మా, మా అపార్టుమెంటులో వాళ్ళందరూ పెరెజులే, నా మందుల చీటీ పై అంతస్తు వాళ్ళకీ, వాళ్ళ కరెంటు బిల్లు నాకూ వస్తున్నాయి" అంది. అంటే ఈ ఇంట్లో నీ పక్షాన లేనిది నేనొక్కదాన్నే. నీకు సంతోషంగా ఉంటుంది.

అయినా వద్దు. పేరుబిళ్ళ సంగతి దాచడం ఎందుకు, చెప్పేస్తున్నాను. దాని మీద హసింతా ఎస్. అని ఉంది. నేనే అలా వేయించుకున్నాను. నీ ముఖం చూసి ఈ మాట చెప్పలేను, అందుకే ఉత్తరంలో రాస్తున్నాను. నువ్వు ఆఖరిదానివి అయిపోతావని భయపడుతున్నావు, అది నాకు తెలుసు. పేరు గొప్పదని రాసిన ప్రతిసారీ ఆ భయమే కనపడుతోంది. నాకు జాలేస్తోంది. కానీ నీ భయం తీర్చడానికి నా బిడ్డ మెడలో ఆ పలక వేలాడదీయలేను.

ఇక ఈ మాట ఎత్తకు అత్తా. కావాలంటే సాసేజీల గురించి రాయి.

నీ
హసింతా


పెన్యాసెకా,
జూన్ 2000

హసింతా,

నేను బతికే ఉన్నాను. ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఈపాటికి ఎవరో ఒకరు నీకు ఫోన్ చేసి ఏడ్చే ఉంటారు.

మన ఊళ్ళో ఎవరైనా పోతే నల్ల అంచు కాగితం చర్చి తలుపుకీ, రొట్టెల కొట్టుకీ, సారా కొట్టుకీ అంటిస్తారు కదా. పేరు కింద బ్రాకెట్లలో ఊరు పిలిచే పేరు వేస్తారు, లేకపోతే పోయిందెవరో ఎవరికి తెలుస్తుంది? ఈసారి ఆ పని పట్నం నుంచి కొత్తగా వస్తున్న ఒక కుర్రాడికి అప్పగించారు. చావు కాగితం మీద అలాంటి పేర్లు మోటుగా ఉంటాయని వాడు ఆ ముక్క తీసేశాడు. ఆదివారం పొద్దున జనం ప్రార్థనకి వచ్చేసరికి చర్చి తలుపు మీద ఇంత లావు అక్షరాలతో ఉంది: శ్రీమతి రుఫినా సోబ్రపాన్, తొంభై ఏడేళ్ళు.

ఊరికి తెలిసిన సోబ్రపాన్ ఒక్కతే కదా. నా తలుపు మీద బిగించుకున్నాను కదా!

నాకు కాస్త జలుబుగా ఉండి నేను చర్చికి వెళ్ళలేదు. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని మేజోడు కుడుతుంటే వీధిలో మనుషుల గోల.

"పాపం, నిన్న కూడా నాతో పోట్లాడింది."

"రుఫినా అంటే? ఉర్బానా కదా?"

"బాప్తిస్మం పేరు అదేమోలే. వయసు చూడు, తొంభై ఏడంట! డెబ్బై ఒకటని ఇన్నాళ్ళూ ఎట్టా బుకాయించిందే తల్లీ!"

"ఒంటి రంగు మాత్రం నిగనిగలాడేది. తిన్నదంతా తనే తినేది కదా. నోరు పెద్దది, చెయ్యి చిన్నది. ఆ గుమ్మంలో ఎవరన్నా ఒక్క చుక్క కాఫీ తాగారంటే చెప్పండి."

"నేనైతే ఎరగను."

ఎవరూ ఎరగరట, హసింతా. ఎవ్వరూ ఒక్క పేరు చెప్పలేకపోయారు. నేను కూడా కిటికీ వెనక కూర్చుని గుర్తు చేసుకుందామని చూశాను. నాకూ ఎవరూ గుర్తు రాలేదు.

తలుపు తట్టారు. తీశాను. ఎదురుగా బెనీతా, చేతిలో పులుసు గిన్నె. నన్ను చూసి గిన్నె వదిలేసింది. దోన్ లూసియో ఫాదరు గుండె మీద శిలువ గీసుకున్నాడు.

"నువ్వు... నువ్వు స... సచ్చిపోలేదంటే?" అంది బెనీతా.

"లేదు. ఏం, పులుసు వేస్టయిందనా?"

"మరి కాగితం మీద సోబ్రపాన్ అనుందే!"

దోన్ లూసియో కళ్ళద్దాలు పెట్టుకుని, తన సంచిలో ఉన్న కాగితం తీసి, ఈసారి కింది చిన్న అక్షరాలు కూడా చదివాడు. "ఆమె కుమారుడు మకారియో లాయోజ్ సోబ్రపాన్..."

"మకారియో ఎవరు?" అన్నారు ఎవరో.

ఎవరికీ తెలియలేదు. చెప్పింది నేనే. "కీచురాయి."

అందరం గోడ వైపు చూశాం. అవతల నుంచి చిన్న చప్పుడు కూడా లేదు. ఆ తల్లి పట్నం ఆసుపత్రిలో పోయిందట. తెల్లవారుజామున వెనక సందులోంచి తెచ్చారు. నాకు బల్లలు జరుపుతున్న చప్పుడు వినపడింది కూడా. నన్ను సాధించడానికే జరుపుతున్నాడనుకున్నాను.

నలభై ఏళ్ళలో తొక్కని గుమ్మం తొక్కాను. చెప్పులు కూడా వేసుకోలేదు. గదిలో గోడల చుట్టూ సారా కొట్టు నుంచి అరువు తెచ్చిన కుర్చీలు. అన్నీ ఖాళీ. మధ్యలో శవపెట్టె, పెట్టె పక్కన ఒక్కడే మకారియో. మెడకి టై కట్టుకుని ఉన్నాడు. పొద్దుటి నుంచీ అలాగే కూర్చున్నాడట.

నన్ను చూసి లేచాడు. "ఎవరూ రారేమో అనుకున్నా ఉర్బానా. మా అమ్మ ఎవరికీ ఏం అన్యాయం చెయ్యలేదే, ఎందుకు రావట్లేదా అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నా."

వాడి పక్క కుర్చీలో కూర్చున్నాను.

వెనకాల ఊరంతా లోపలికొచ్చి కూర్చున్నాక మెల్లిగా చెప్పాడు. రుఫినమ్మ కొండవతలి ఊరి నుంచి కోడలుగా వచ్చింది. ఆవిడ నాన్నా, మా తాతా అన్నదమ్ములు. పంపకాల్లో పేచీపడి ఆయన కొండ దాటి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఇటు మాటెత్తలేదు. రుఫినమ్మకి మన ఇంటి సంగతి తెలుసు. నాకే తెలియదు, ఎందుకంటే నేను ఆవిడని పేరు అడగలేదు. మనందరికీ ఆవిడ కీచురాళ్ళ అవ్వ. అంతే.

"మరి ఆ బొమ్మ చూసి నవ్వారెందుకు మీరిద్దరూ?" అన్నాను. చావింట్లో అడగవలసిన మాట కాదు, కానీ నోరు ఆగలేదు.

"పోట్లాడకు మరి. నువ్వు రొట్టె పంచారని అందరికీ చెప్పావుగా. అది అమ్మకి చెప్పా. అమ్మ పడీ పడీ నవ్వింది. 'ఒరే, పంచినోళ్ళ ఇంట్లో రొట్టె ఎట్టా మిగులుద్దిరా? తలుపేసుకున్నోళ్ళింట్లోనే మిగులుద్ది. ఊరు ఎగతాళికి పెట్టిన పేరది. మా నాన్న ఎప్పుడూ ఆ మాటే చెప్పేవాడు' అంది."

గదిలో ఒక్కరూ నవ్వలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఇంత తేలిక లెక్క డెబ్బై ఏళ్ళలో నాకు తట్టలేదు హసింతా! కిటికీ కింద వాళ్ళు అన్న మాటలూ, ఇదీ కలిసి ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఆ పేరు పెట్టినవాళ్ళు మనల్ని బాగా ఎరిగినవాళ్ళే.

ఇంకా ఒకటి ఉంది. రుఫినమ్మ మా నాన్నకి చెల్లెలి వరస. అంటే నీకు నేను ఎలాగో, నాకు ఆవిడ అలాగ. గోడవతల నాకొక మేనత్త ఉండేది, నేను ఆవిడ మీదకి పొగ వదులుతూ కూర్చున్నాను.

లేచి ఇంటికొచ్చి గూడు తెరిచాను. ఉప్పుపట్టించిన పంది తొడ, జున్ను, వైను, నీ కోసం దాచిన సాసేజీలు, రొట్టెలన్నీ, అన్నీ ఆ గదిలో పెట్టాను. కాఫీ నేనే కాచి నేనే పోశాను. జనం ముందు భయపడ్డారు, తర్వాత తిన్నారు. బెనీతా అయితే తొడని బొమిక దాకా గీకింది. దోన్ లూసియో నా చెవిలో, "అయితే మకారియో నీకు వరసకి బావ అవుతాడన్నమాట" అని ముసిముసి నవ్వులు. ఫాదరు కాబట్టి ఊరుకున్నాను.

బొమ్మ పీకేశాను. నీ బిడ్డకి పెరెజ్ అనే రాయించు. ఈ మాట కోపంతో అనడం లేదు. నువ్వు చిన్నప్పుడు పడ్డదంతా పిసినారుల పేరు కోసం పడ్డావు, నన్ను క్షమించు. పోతే పోనీ.

సాసేజీలు లేవు. ఏమీ లేదు.

నీ మేనత్త,
మసి ఉర్బానా


సరగోసా,
జూలై 2000

అత్తా,

ఆడపిల్ల. మంగళవారం మధ్యాహ్నం. ఇద్దరం బాగున్నాం. నీ నోరే వచ్చింది, ఆసుపత్రిలో అందరూ తలెత్తి చూశారు.

నీ ఉత్తరం నొప్పుల ముందు రోజు వచ్చింది. పక్కన కూర్చుని ఆబెల్ గట్టిగా చదివాడు. నువ్వు చెప్పులు లేకుండా గుమ్మం దాటిన చోట ఆగిపోయాడు, మిగతాది వాళ్ళమ్మ చదివింది.

అత్తా, గొప్ప పేరు అని నువ్వు చెప్పినన్నాళ్ళూ నాకది బరువుగానే ఉంది. అంత గొప్పదాన్ని నేనెలా మోస్తాను? ఎగతాళి పేరని నువ్వు రాశాక తేలికయింది. ఎందుకో నాకూ తెలియదు. నా పిల్లని బడిలో ఎవరైనా అడిగితే అది చెప్పడానికి ఒక నిజమైన కథ ఉంది: మా ఇంట్లో ఎప్పుడూ రొట్టె మిగిలేది, ఒకరోజు మా అమ్మ మేనత్త మిగలనివ్వలేదు. ఇది చెప్తే ఎండు ముక్కలు విసిరేవాళ్ళు కూడా కాసేపు ఆగి వింటారు.

నేనూ ఆబెలూ ఇద్దరం సంతకాలు పెట్టాం. సోబ్రపాన్ ముందు, పెరెజ్ వెనక. నువ్వు వద్దన్నావు కాబట్టే పెట్టాను అనుకో. నాకూ కొంచెం నీ పోలికే.

ఇక పేరు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఖాళీ కుర్చీల మధ్య ఉన్న ఆవిడ నా మనసులోంచి పోలేదు. పాపకి రుఫినా అని పెట్టాం. మకారియో గారికి నువ్వే చెప్పు.

నీ
హసింతా సోబ్రపాన్
(క్లినిక్‌కి కొత్త పేరుబిళ్ళ చెయ్యమని కబురు పంపాను.)


పెన్యాసెకా,
జూలై 2000

హసింతా,

ఉత్తరం నిలబడే చదివాను. తర్వాత కూర్చుని చదివాను. తర్వాత ఏడ్చాను, దాచుకోను. నేను ఆఖరిదాన్ని కాదు. ఈ మాట కాగితం మీద రాసుకుంటే ఎంత బాగుందో!

ఉర్బానా అని ఎందుకు పెట్టలేదని అడగను. నాకేం బాధలేదు. రెండోదానికి పెట్టినా చాలు.

ఉత్తరం పట్టుకుని మకారియో ఇంటికి వెళ్ళాను. వాడు కోళ్ళకి గింజలు చల్లుతున్నాడు. చదివి వినిపించాను. రుఫినా సోబ్రపాన్ అనగానే గింజల గిన్నె కింద పెట్టి లోపలికి పోయి తలుపు మూసుకున్నాడు. కోపమొచ్చిందేమో, తల్లి పేరు అడక్కుండా పెట్టారనుకున్నాడేమో అనుకున్నాను. కోళ్ళ మధ్య అలాగే నిలబడ్డాను. చాలాసేపటికి బయటికొచ్చాడు. టై కట్టుకుని ఉన్నాడు.

"సరగోసా బస్సు ఎప్పుడు?" అన్నాడు.

"గురువారం. ఏం?"

"నేనూ వస్తా. నువ్వేం మాట్లాడొద్దు, నేనూ ఏం మాట్లాడను, ఊరికే వచ్చి ఒక మూల కూచుంటా. ఈ ఊళ్ళో మా అమ్మని ఒక్కరంటే ఒక్కరు పేరు పెట్టి పిలవలేదు ఉర్బానా. ఆ పేరు ఎవరైనా పిలుస్తుంటే వినాలనుంది."

గురువారం వస్తున్నాం. మేం గుమ్మంలోకి వచ్చేసరికి ఆ పిల్లని గట్టిగా పేరు పెట్టి పిలువు.

మీ అత్త